తేట నీళ్ల సొరలు, బురద నీళ్ల పిల్లలు

పడవ మీద మాకు చెప్పిన మొదటి మాట చేతుల గురించి. నల్ల గ్లవ్స్ లేనివాళ్లు నీళ్లలోకి దిగడానికి వీల్లేదు. గ్లవ్స్ ఉన్నా చేతులు చంకల్లో దోపుకునే ఉండాలి. వేలు పెట్టి చూపించడం, చెయ్యి ఊపడం, ఫొటో కోసం కెమెరా కర్ర ముందుకు చాపడం, ఏదీ కుదరదు. కింద ఒకాయన ట్యూనా తలకాయలు చేత్తో తినిపిస్తుంటాడు. ఆ మసకలో తెల్లగా కదిలే వేళ్లు చేపముక్కల్లా కనిపిస్తే తప్పు షార్క్‌ది కాదు. నేనేమో చేతులు తిప్పకుండా మాట్లాడలేని మనిషిని. మా అమ్మ ఫోన్లో మాట్లాడుతున్నా చేతులు తిప్పుతుంది, మాకది వంశపారంపర్యం. 30 మీటర్ల లోతుకి దిగుతున్నందుకు కాదు గానీ, చేతులు కట్టుకుని కూర్చోవాలన్నందుకే నాకు టెన్షన్ మొదలైంది.

ఇది ఫిజీలో. విటి లెవు దీవికి దక్షిణ తీరాన పసిఫిక్ హార్బర్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడ పడవెక్కితే కాసేపట్లో షార్క్ రీఫ్ అనే పగడపు దిబ్బ. ఎదురుగా కనిపించే దీవి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో (Beqa) చూసి మనం ‘బెకా’ అని చదువుతాం. ఫిజీ వాళ్లు ఆ నడిమి అక్షరాన్ని ‘ంగ’ అంటారు. అంటే ఆ దీవి పేరు బెంగ. ‘ఎక్కడికే వెళ్లావు?’ అని అమ్మ అడిగితే ‘బెంగ’ అన్నాను. ‘ఎవరి మీద?’ అంది.

నేను ఆక్లాండ్‌లో ఉంటాను. నలభై దగ్గర పడ్డాక ఈత నేర్చుకుని, ఆ ఊపులో స్కూబాకి వెళ్లి, చలినీళ్లలో పళ్లు కొట్టుకుంటూ అడ్వాన్స్‌డ్ కోర్సు కూడా పూర్తి చేశాను. ఈ డైవ్ కోసం రెండేళ్లు డబ్బులు దాచాను. వెళ్లింది బుల్ షార్కుల కోసం. పంజరం లేదు. పగడపు రాళ్లు పేర్చిన మోకాలెత్తు గోడ ఒకటుంది, దాని వెనకాల వరసగా బోర్లా పడుకోవాలి. మన వెనకాల ఇనప కర్రలు పట్టుకున్న గైడ్లు నిలబడతారు. అంతే ఏర్పాటు.

మొదట కనిపించింది షార్కులు కాదు, చేపలు. మందలు మందలుగా, కళ్లముందు తెర కట్టినట్టు. ఇంతింత పెద్ద ట్రెవల్లీలు, ఎర్ర స్నాపర్లు, తలకాయల డబ్బా చుట్టూ పెళ్లి భోజనాల దగ్గర మూడో పంక్తి కోసం నిలబడ్డ జనంలా. తర్వాత ఆ తెర మధ్యకి చీలింది. చీలిన సందులోంచి బూడిదరంగు డ్రమ్ములాంటి ఒళ్లు ఒకటి తాపీగా వచ్చింది. బుల్ షార్క్ అందమైన చేప కాదు, చెప్పేస్తున్నాను. ముట్టె మొండిగా, వెడల్పుగా ఉంటుంది. ఒంటికి కళ్లు మరీ చిన్నవి. ఆడవి మూడు మీటర్లు దాటతాయి. ఇనప వలతో చేసిన గ్లవ్ తొడుక్కున్న మనిషి తలకాయ అందిస్తే అది నోరు తెరిచింది, మూసింది, పక్కకి తిరిగింది. సినిమాల్లో చూపించే విదిలింపు, పెనుగులాట ఏమీ లేవు. రేషన్ షాపులో సంచీ పట్టి బియ్యం పోయించుకుని వెళ్లే ముసలావిడ తీరుగా ఉంది. తన వంతు అయ్యాక చుట్టు తిరిగి మళ్లీ వెనక నుంచి వరసలోకి వచ్చేది.

వాటిలో ఒకటి నా తలమీదుగా వెళ్లింది. దవడ మూలలో తుప్పుపట్టిన గాలం ఒకటి వేలాడుతోంది, దాని చివర జానెడు నైలాను తాడు. ఆ తాడు మీద పాచి పెరిగి ఉంది. అంటే చాలా రోజుల కిందటి సంగతి. ఎక్కడో ఎవరో దాన్ని పట్టబోయారు, తాడు తెగింది, అది ఇక్కడికొచ్చి భోజనం చేస్తోంది. పావుగంట కూడా కాకుండానే పైకి రమ్మని గైడ్ సైగ చేశాడు, ఆ లోతులో అంతకంటే ఎక్కువ సేపు ఉండకూడదు. పైకి వస్తూ 5 మీటర్ల దగ్గర ఆగి నిమిషాలు లెక్కపెట్టుకుంటున్నంత సేపూ నా మనసు ఆ తాడు ముక్క మీదే ఉంది.

షార్క్ డైవింగ్ చేసినవాళ్లందరం ఒక మాట అంటాం. ‘మేము డైవ్ చేస్తే వాటి సంరక్షణకి సాయం’ అని. ఇంతకుముందు ఇంకో దేశంలో, పేరెందుకు గానీ, ఒక డైవ్ షాపులో ఆ మాట టీషర్టు మీద అచ్చేసి అమ్మారు. నేనూ కొన్నాను. ఆ డబ్బు ఎవరికి వెళ్తుందని కౌంటర్ దగ్గర అడిగితే, ‘షార్కులకి’ అన్నాడు కుర్రాడు. షార్కులకి బ్యాంకు ఖాతా లేదు కదా బాబూ అనబోయి ఊరుకున్నాను. ఆ రీఫ్ మీద నిన్నటిదాకా వేట చేసుకున్న ఊరు ఏదో, ఆ ఊరికి ఏమిచ్చారో అక్కడ ఎవరికీ తెలియదు. మేం నీళ్లలోంచి పైకొచ్చిన సాయంత్రం, అదే రీఫ్ అంచున రెండు పడవలు గాలాలు వేసుకుంటున్నాయి. వాళ్ల తప్పేముంది? వాళ్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు, ఏమీ ఇవ్వలేదు.

ఫిజీలో వ్యవహారం వేరు. అక్కడ తీరం వెంబడి ఉన్న నీళ్లమీద ఊళ్లకి తరతరాల వేట హక్కు ఉంటుంది. ఏ తెగ ఏ రీఫ్ మీద చేపలు పట్టుకోవచ్చో హద్దులు అందరికీ తెలుసు. 2004లో షార్క్ రీఫ్‌ని రక్షిత ప్రాంతం చేసినప్పుడు గలోవా, వైనియంబియా ఊళ్లవాళ్లు అక్కడ తమ వేట వదులుకున్నారు. ఊరికే వదులుకోలేదు. దిగే ప్రతి డైవర్ దగ్గరా లెవీ వసూలు చేసి ఊళ్లకి ఇస్తారు. ఊరి కుర్రాళ్లకి డైవింగ్ నేర్పించారు. ఇవాళ తలకాయలు తినిపించేవాళ్లు, వెనక కర్రలు పట్టుకుని నిలబడేవాళ్లు, దొంగవేట పడవల్ని ఆపే కాపలావాళ్లు, అందరూ అక్కడివాళ్లే. 2014లో ఫిజీ ప్రభుత్వం దాన్ని దేశంలో మొదటి జాతీయ సముద్ర పార్కు అని ప్రకటించింది. పదేళ్లు ఊళ్లు నడిపాక వచ్చిన బోర్డు అది.

దాన్ని నేను అద్దె అంటాను. మనకి పుణ్యం అని వినిపించడం ఇష్టం, కానీ అక్కడ జరుగుతున్నది అద్దె కట్టడమే. షార్కుని ప్రేమించమని ఎవరూ ఆ ఊళ్లని అడగలేదు. (నిజానికి వాళ్లకి షార్కు మీద భక్తి ఎప్పటినుంచో ఉంది. డకువాంగ అని షార్కు రూపంలో ఉండే దేవుడున్నాడు. కండావు దీవి మీదికి దండెత్తి వెళ్లి, అక్కడ ఆక్టోపస్ చేతుల్లో చిక్కి, ఇక మీ వాళ్ల జోలికి రానని మాటిచ్చి బయటపడ్డాడని కథ.) భక్తి ఉన్నా వేట సాగింది, లెవీ వచ్చాక ఆ రీఫ్ మీద ఆగింది.

ఆ అద్దె ఎంత చిన్నదో చెబితే నమ్మరు. 2010 సంవత్సరానికి లెక్కలు తీస్తే షార్క్ డైవింగ్ వల్ల ఫిజీకి వచ్చింది 4.22 కోట్ల అమెరికన్ డాలర్లు. హోటళ్లు, పన్నులు లాంటివన్నీ కలిపి. జీతాల రూపంలో స్థానికులకి అందింది సుమారు 39 లక్షలు. ఊళ్లకి లెవీగా వెళ్లింది 1.24 లక్షలు. నేను కట్టిన విమానం టికెట్టు, గదిలో తాగిన కాఫీ పక్కన పెడితే, షార్కు పక్షాన నిలబడిన డబ్బు ఆ చివరి చిన్న అంకె. మిగతాదంతా దాని మీద కట్టిన మేడ. అంత పెద్ద మేడ అంత సన్నటి పునాది మీద నిలబడటం నాకైతే సిగ్గుగానే అనిపించింది. లెవీ మూడింతలు చేసినా నేను వెళ్లేదాన్ని, నాలాంటివాళ్లు అందరూ వెళ్లేవాళ్లు.

తినిపించడం తప్పు కదా అని మా డైవ్ గ్రూపులో ఒకాయన ప్రతిసారీ వాదిస్తాడు. అడవి జంతువుకి తిండి పెట్టి అలవాటు చేస్తే రేపు మనిషిని చూడగానే తిండి గుర్తొస్తుంది అంటాడు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. ఫ్లోరిడా తన నీళ్లలో డైవర్లు షార్కులకి తిండి పెట్టడాన్ని 2001లోనే నిషేధించింది. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి సంగతి తెలుసు కదా, 2011 నుంచి వరస దాడులు, వాటిలో చాలా వాటికి బుల్ షార్కే కారణం, 2013లో సర్ఫింగ్‌ని చాలాచోట్ల ఆపేయాల్సి వచ్చింది. రీయూనియన్‌లో ఎవరూ షార్కులకి చేత్తో తినిపించలేదన్నది వేరే మాట. అయినా బుల్ షార్కుని పెంపుడు కుక్కలా మాట్లాడే డైవర్లంటే నాకూ ఒళ్లుమంట.

కానీ ఫిజీలో ఈ షార్కులకి ట్యాగులు కట్టి ఏళ్ల తరబడి చూశారు. తిండి పెడుతున్నారు కదా అని అవి ఆ రీఫ్‌ని అంటిపెట్టుకుని కూర్చోవడం లేదు. వస్తాయి, పోతాయి, సొంతంగా వేటాడుకుంటాయి. ఏడాది చివరికొచ్చేసరికి చాలావరకు కనిపించకుండా పోతాయి. అది జత కట్టే కాలం, పిల్లల్ని పెట్టే కాలం. ఎంత ట్యూనా పెట్టినా ఆగవు. నా తీర్పు అడిగితే, తలకాయ ముక్క వాటికిచ్చే లంచం, లెవీ ఊరికిచ్చే అద్దె. రెండో దాని కోసం మొదటి దాన్ని భరించవచ్చు. రెండోది లేని చోట మొదటిది పచ్చి వినోదం, దానికి సంరక్షణ అని పేరు పెట్టకూడదు.

ఇక్కడితో ఆపితే మంచి డైవింగ్ వ్యాసం అయ్యేది. తిరుగు ప్రయాణంలో కారు నడిపినాయన ఆపనివ్వలేదు.

ఆయనకి అరవై ఉంటాయేమో. పసిఫిక్ హార్బర్ నుంచి రాజధాని సువా వైపు వెళ్తుంటే మాటల్లో నా ఊరు కాకినాడ అని తెలిసింది. ‘మా తాత మద్రాసులో ఓడెక్కాడు’ అన్నాడు. చెరకు తోటల కూలీకి 1879 నుంచి 1916 దాకా మనవాళ్లని ఫిజీ పట్టుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఆయనకి తెలుగు రాదు, ఫిజీ హిందీలో మాట్లాడతాడు, నన్ను దీదీ అన్నాడు. నాయనమ్మ దగ్గర మిగిలిన మాటలు నాలుగైదున్నాయి. అందులో ఒకటి పులుసు. నేను డబ్బు కట్టి మరీ షార్కుల్ని చూడటానికి వచ్చానంటే నవ్వాపుకోలేకపోయాడు. ‘వర్షాలు పడి నది ఎర్రబడినప్పుడు మా చిన్నాన్న వల వేస్తే ఇంతింత పిల్లలు పడేవి’ అని స్టీరింగ్ వదిలేసి చేతులు చాపి చూపించాడు. మూరన్నర. ‘నాయనమ్మ పులుసు పెట్టేది.’

అప్పుడే మేం నవువా నది వంతెన దాటుతున్నాం. కింద నీళ్లు టీ రంగులో ఉన్నాయి.

షార్క్ రీఫ్ మీద నేను చూసిన ఆడ షార్కులు పిల్లల్ని పెట్టేది సముద్రంలో కాదు. బుల్ షార్క్ తల్లి పది పదకొండు నెలలు మోసి, మహా అయితే పదమూడు పిల్లల్ని, నది ముఖద్వారాల దగ్గర పెడుతుంది. పిల్లలు నది లోపలికి ఎదురెక్కుతాయి. అక్కడ పెద్ద షార్కుల బెడద తక్కువ. ఉప్పునీళ్లలో, మంచినీళ్లలో రెండింట్లో బతకగలిగే ఒళ్లు వాటిది. మంచినీళ్లలోకి రాగానే ఒంట్లో యూరియా తగ్గించుకుని, మూత్రం ఎక్కువగా పోసి నెట్టుకొస్తాయి. అమెజాన్ మీద వేల కిలోమీటర్లు లోపల పెరూలోని ఇకిటోస్ దాకా వెళ్లాయి. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ దగ్గర ఒక గోల్ఫ్ కోర్సు చెరువులోకి వరదల్లో కొట్టుకొచ్చిన బుల్ షార్కులు ఏళ్ల తరబడి అక్కడే బతికాయి. బంతి నీళ్లలో పడితే ఎవరూ వెతకలేదట, ఎలా వెతుకుతారు.

ఫిజీలో నవువా, రేవా, సింగటోకా నదుల్లో బుల్ షార్క్ పిల్లలు తిరుగుతాయి. అక్కడ వలలు కట్టేవాళ్లు బీదవాళ్లు. వాళ్లకి లెవీ లేదు. ఎందుకు ఉంటుంది? ఆ టీనీళ్లలోకి దిగి ఏ డైవర్ ఏం చూస్తాడు? చెయ్యి చాపితే చెయ్యే కనపడదు. తల్లి తేట నీళ్లలో ఉన్నంతసేపూ దాని పేరున డాలర్లు వస్తాయి, కాపలా ఉంటుంది. పిల్లల కోసం బురద నీళ్లలోకి వెళ్లగానే అది మళ్లీ మామూలు చేప. ఈ చేప ఈడుకి రావడానికే పది పదిహేనేళ్లు పడుతుంది. పిల్లల్ని నదిలోనే కోల్పోతే రీఫ్ మీద కాపలా కాసేది దేన్ని? నికరాగువా సరస్సులో ఇదే జరిగింది. సముద్రం నుంచి నది ఎక్కి సరస్సులోకి వచ్చే బుల్ షార్కుల్ని 1970ల్లో వ్యాపారానికి పట్టిపట్టి, కనిపించడమే అరుదయ్యేలా చేశారు. అక్కడ దిగి చూడటానికి వచ్చే టూరిస్టు ఎవరూ లేరు, అడ్డుపడేవాళ్లూ లేకపోయారు.

అందుకే నా వాదన ఇది. మన డైవింగ్ డబ్బు నిజంగానే పని చేస్తుంది, కానీ నీళ్లు తేటగా ఉన్నంత మేరకే పని చేస్తుంది. బుల్ షార్కుకి అసలు గండం తేట లేని చోట ఉంది. డైవర్లం ఆ సంగతి ఒప్పుకోకపోతే మనం కాపాడుతున్నది షార్కుని కాదు, మన సెలవుల్ని.

ఇప్పుడు మా ఊరి సంగతి. గోదావరి, కృష్ణ కలిపే బురదలో మా సముద్రం ఏడాదిలో చాలా నెలలు టీరంగులోనే ఉంటుంది. విశాఖలో స్కూబా నేర్పుతారు, మంచిదే, కానీ కాకినాడ ఎదుట షార్కుల్ని చూడటానికి డాలర్లు పట్టుకుని ఎవరూ రారు. బంగాళాఖాతంలోనూ బుల్ షార్క్ ఉంది. దాని లాంటి దాయాదులు చాలా ఉన్నాయి. మనం తింటాం. నేను తిన్నాను. మా అమ్మాయి పుట్టిన నెలలో అమ్మ నాకు రోజు విడిచి రోజు పాలసొర పెట్టింది. ఉడకబెట్టి, తోలు తీసి, చిదిమి, అల్లం వెల్లుల్లి దట్టించి వేపిన సొరపిట్టు. పాలు పడ్డాయో లేదో గానీ అన్నంలోకి అంత బాగా ఇంకోటి లేదు. ఆక్లాండ్‌లో ఫిష్ అండ్ చిప్స్ షాపులో ‘లెమన్ ఫిష్’ అని అమ్మేది కూడా చిన్న షార్కే, అది తెలిశాక కూడా రెండుసార్లు తిన్నాను. కాబట్టి ఎవరికీ బుద్ధులు చెప్పే అర్హత నాకు లేదు.

కాగితం మీద నియమాలు లేకపోలేదు. రెక్కలు కోసుకుని ఒళ్లు సముద్రంలో పారేయకూడదని 2013లో, రెక్కల ఎగుమతి వద్దని 2015లో మన ప్రభుత్వం చెప్పింది. 2022లో పనామాలో జరిగిన సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) సమావేశంలో బుల్ షార్క్ కుటుంబాన్నంతా నియంత్రిత వ్యాపార జాబితాలో చేర్చారు, పాలసొర కూడా ఆ ఇంటిదే. ఇవన్నీ రెక్కలకి, దేశం దాటే సరుకుకి పనికొస్తాయి. కాకినాడ రేవులో పొద్దున్నే పాడే వేలంపాటకి పనికిరావు.

మనకి పనికొచ్చేది ఇంకోటుంది, అది ఇప్పటికే మన దగ్గరుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లు వేటకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలకి ప్రభుత్వం వేట నిషేధ భృతి ఇస్తుంది. 2019లో అది 10,000 రూపాయలైంది, 2025లో 20,000 చేశారు. ఆలస్యంగా వస్తుంది, జాబితాలో పేర్లు ఎగిరిపోతాయి, అర్హుల గురించి ఏటా గొడవే. అయినా దాని వెనక ఉన్న ఆలోచన షార్క్ రీఫ్ లెవీ వెనక ఉన్నదే. వేటాడనందుకు డబ్బు. టూరిస్టు జేబులోంచి కాకుండా మన పన్నుల్లోంచి. దీనికి తేట నీళ్లు అక్కర్లేదు. సొరపిల్లలు నది మొగల దగ్గర ఎక్కువగా పడే నెలలు ఏవో, ఏయే మొగల దగ్గరో వలేసేవాళ్లకే బాగా తెలుసు. ఆ నెలల్లో, ఆ కాసిని చోట్ల వల కట్టకుండా ఉన్నందుకు, పడిన పిల్లల్ని బతికుండగా వదిలినందుకు అదనంగా ఇవ్వడం చేతకాని పనేమీ కాదు.

గుజరాత్‌లో ఇలాంటిది చేసి చూపించారు. అక్కడ వేల్ షార్కుల్ని చంపేవాళ్లు. 2001లో దానికి చట్టరక్షణ వచ్చింది. 2004లో రామకథలు చెప్పే మొరారీ బాపు వచ్చి, కాన్పుకి పుట్టింటికొచ్చే ఆడపిల్లని చంపుతారా అని అడిగాడు. వలలో పడితే వల కోసి వదిలేయడం మొదలుపెట్టారు. బాపు మాటొక్కటే చాలలేదు, కోసిన వలకి నష్టపరిహారం కూడా ఇచ్చారు, అది మరచిపోకండి. అక్కడి వెరావల్ రేవు బోట్ల మీద శ్రీకాకుళం కళాసీలు ఎంతమంది ఉంటారో మనకి తెలుసు. ఆ కళాసీలకి వల ఎప్పుడు కోయాలో, కోసినందుకు డబ్బు ఎలా వస్తుందో ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో వేల్ షార్క్ ఒడ్డుకొస్తే అటవీశాఖ, మత్స్యకారులు కలిసి దాన్ని సముద్రంలోకి పంపారు కూడా. అందమైన పెద్ద చుక్కల చేప కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు. మొండి ముట్టె బుల్ షార్కుకి చప్పట్లు రావు, దానికి భృతే దిక్కు.

మొన్న సంక్రాంతికి కాకినాడ వెళ్లినప్పుడు అమ్మతో కలిసి తెల్లారే కుంభాభిషేకం రేవుకి వెళ్లాను. పక్కింటి అమ్మాయి కాన్పయి వచ్చింది, ఆ పిల్లకి పాలసొర కావాలి. ఒకామె బుట్ట మీద తడిగోనె తీసి చూపించింది. అరడజను సొరలు, మూరన్నర పొడవు. ఐదింటికి ముట్టె సన్నగా సాగి ఉంది, కళ్లు పెద్దవి. అవి పాలసొరలే. ఆరోదాని ముట్టె మొండిగా, గుండ్రంగా ఉంది. కళ్లు మిరియపు గింజలంత. కడుపు మీద బొడ్డు మచ్చ ఇంకా మానలేదు.

‘ఇది పాలసొర కాదు కదమ్మా’ అన్నాను, చేతులు తిప్పుతూ.

‘ఏ సొరైతే ఏంటమ్మా, పాలు పడటమేగా కావాల్సింది’ అంది ఆమె. ‘ఎక్కడ పడింది?’ అంటే, ‘మొగ దగ్గర. మావోడు రాత్రి వలేశాడు’ అంది. ఆ ఒక్కటి తీసి పక్కన పెట్టి, మిగతా ఐదూ కలిపి అమ్మకి బేరం చెప్పింది. అమ్మ రెండు తీసుకుంది. మేం లేచేలోపే ఆ మొండి ముట్టెదాన్ని ఇంకొకాయన సంచీలో వేసుకున్నాడు.